దీవెనమ్మ ఆమెన్ చెప్పేదాకా

దీవెనమ్మ ప్రార్థన ఎత్తుకుంటే దించదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మూడూళ్ల సంఘాల్లోనూ ఈ సంగతి తెలియని పసిబిడ్డ లేదు. పెళ్లిలో ఆమెను ప్రార్థనకు లేపారంటే వంటవాళ్లు బిర్యానీ దమ్ము కింద నిప్పులు తగ్గించి, ఒక మనిషిని ఆమె ఎదురుగా కాపలా పెడతారు. ‘ఆమెన్’ చెవిన పడ్డాకే అతడు చెయ్యి ఊపాలి, అప్పుడే మూత తీయాలి. ఒక గృహప్రవేశంలో ఆమె ప్రార్థన మొదలైనప్పుడు కొత్తగా మెరిసిన సున్నం, ముగిసేసరికి పెచ్చులూడిందని చెప్పుకుంటారు. అది అబద్ధమే కావచ్చు గానీ, ఇంటివాళ్లు కూడా ఖండించలేదు.

ఆమె ప్రార్థనలో లేనివాళ్లు లేరు. ఆదాముతో మొదలవుతుంది. పెన్న దాటి వచ్చి చాపాడులో బోరు ఎండిన ఇంటి దగ్గర కాసేపు ఆగుతుంది. గండికోటలో టూరిస్టులకు జామకాయలమ్మే కామాక్షి మోకాళ్లను పలకరిస్తుంది. ఆ కామాక్షి మేకను, మేక కుంటికాలును కూడా దేవుడికి అప్పగించి ముందుకు సాగుతుంది.

డిసెంబరు పడితే ఆ వైపు సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. పండగ రాకముందే కేకు కోసే పండగ అది. కోయడానికి ఒక నాయకుడు కావాలి. పోయినేడు పులివెందులలో ఒక వార్డు నాయకుడి చేతికి కత్తి ఇచ్చి, పొరపాటున మైకు దీవెనమ్మకిచ్చారు.

“ప్రభువా, ఈ అన్న మా పేటకు కాలవ తవ్విస్తానని చెప్పి మరిచిపోయినాడు, జ్ఞాపకశక్తి ఇయ్యి తండ్రీ. శ్మశానానికి దోవ ఇప్పిస్తా అన్నాడు. మా పీనుగులు ఇంకా చేను గట్ల మీదనే జారతా పోతాండాయి తండ్రీ…”

నాయకుడు కళ్లు మూసుకుని, కత్తి పట్టుకుని, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. మధ్యలో పోతే ఓట్లు పోతాయి. కళ్లు తెరిస్తే వీడియోలో పడతాడు. ఆయన పాత వాగ్దానాలన్నీ దేవుడి దగ్గర నమోదయ్యేసరికి కేకు మీది నక్షత్రం కరిగి పళ్లెంలోకి దిగింది.

ప్రొద్దుటూరు పాస్టరు జయానందానికి ఈ ప్రార్థన పెద్ద శిలువ. దీవెనమ్మ ఆయన సంఘంలోనే బైబిలు స్త్రీ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను ప్రార్థనకు కూర్చోబెట్టే మనిషి. ఆయనకు అద్దాలదిరే గొంతుంది. ఆ గొంతు విప్పాల్సిన సమయాన్నంతా ఆమె మేకలకూ మోకాళ్లకూ పంచేస్తుంది.

“అవ్వా, ఈపొద్దన్నా క్లుప్తంగా చెయ్యి,” అని బతిమాలేవాడు.

“క్లుప్తంగానే చేస్తాలే అయ్యగారూ. ఆదామును ఇడిసిపెట్టి అబ్రహాము కాన్నుంచి అందుకుంటా.”

అలాంటి రోజుల్లో కువైట్ నుంచి ఫోనొచ్చింది. కడప జిల్లా ఆడవాళ్లు అక్కడి ఇళ్లలో పనికి పోవడం ఇవ్వాళ్టి మాట కాదు. వాళ్లంతా కలిసి నడుపుకునే ఒక చిన్న సహవాసం తరఫున చాపాడు ఎస్తేరు మాట్లాడింది.

“అయ్యగారూ, క్రిస్మస్‌కు మా కాడికి రావాల. టికెట్లు మేమే తీస్తాం.”

“మంచిదమ్మా. నేనొక్కడినే వస్తాలే, మీకు ఖర్చెందుకు?”

“మీరు రాకపోయినా ఏం కాదయ్యగారూ. అవ్వ మాత్రం రావాల.”

జయానందం ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. “ఏ అవ్వ?”

“ఇంకే అవ్వ? దీవెనమ్మవ్వ. మీరు తోడు రాండి, పాపం ఆమెకు విమానాలు తెలీవు.”

ఈ చివరి మాట ఆయన భార్యకు కూడా చెప్పలేదు. ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ మాత్రం లేపించాడు. వెనక భూగోళం, పైన విమానం, మధ్యలో ఉన్ని కోటులో తాను, కింద ‘అంతర్జాతీయ క్రిస్మస్ మిషన్ వాలంటీర్’ అన్న అక్షరాలు. దీవెనమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

“అయ్యగారూ, విమానం తోక కాడ కుంకుడుకాయంత ఉండేది నేనేనా?”

“నువ్వే అవ్వా.”

“బాగుండాది. పడిపోకుండా ప్రార్థన చెయ్యాల.”

చేసింది కూడా. విమానంలో భోజనం రాగానే ఎత్తుకుంది. ఎయిర్ హోస్టెస్ ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

“అవ్వా, ఆ పాప నిలబడే ఉండాది!”

“అయ్యో బిడ్డ! పేరు కనుక్కో అయ్యగారూ, కలుపుతా.”

మిషన్ సేవకు జయానందం లెక్కలో స్పష్టమైన అర్థముంది. తెల్లారకముందే లేచి ఊరందరి గిన్నెలూ తోమే ఆడవాళ్లకు ‘ఓర్చుకోండి’ అని చెప్పడానికి కోటు వేసుకుని విమానంలో పోవడం. ఆయన సిద్ధం చేసుకున్న సందేశం పేరు ‘ఇంకా నిద్రేనా?’. సంఘాన్ని కుదిపి లేపే సందేశం. దాన్ని ప్రొద్దుటూరులో పెద్ద తెర మీద లైవ్ చూపించడానికి సంఘపెద్ద గురునాథం షామియానా వేయించాడు. కుదిరితే ఈ ఒక్క ప్రసంగంతో ఇంకో నాలుగు దేశాల నుంచి పిలుపులొస్తాయని జయానందం ఆశ.

కువైట్‌లో ఆ సహవాసానికి క్రిస్మస్ శుక్రవారమే, సెలవు దొరికేది ఆ రోజే కాబట్టి. ఒక భవనం అడుగున అద్దె హాలు. మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి, వేరే భాషవాళ్లు వస్తారు. బయట వ్యాన్లు కాచుకుని ఉంటాయి, ఎవరి మేడం దగ్గరికి వాళ్లను చేర్చడానికి. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. సింహాద్రిపురం పూజ మెట్ల మీదనే గోడ పట్టుకుంది.

“ఏంది పాపా, జ్వరమా?” అంది దీవెనమ్మ.

“జ్వరం కాదవ్వా. చలికాలం గదా, మా మేడమోళ్లు ఎడారిలో గుడారాలేసినారు. తెల్లార్లూ వచ్చేవాళ్లు, పొయ్యేవాళ్లు, టీలు, కాఫీలు. కన్ను మూసి శానా దినాలైంది.”

ఆమె వెనకే జమ్మలమడుగు సాయిబుల పిల్ల ఆసియా వచ్చింది. జయానందం కళ్లు మెరిశాయి. “నువ్వేందమ్మా ఈడ?”

“అవ్వ వచ్చిందంటే వచ్చినా అయ్యగారూ. ఊర్లో మా అమ్మీ కూడా అవ్వ ప్రార్థనకు పోతాండె.”

జయానందం వెంటనే సెల్ఫీ తీసుకున్నాడు. దాని కింద ఊళ్లో ఏం రాయించాలో కూడా మనసులో కట్టేసుకున్నాడు.

లైవ్ ఫోను స్టాండుకు బిగించి, తన ముఖం వైపు తిప్పుకున్నాడు. “అవ్వా, పన్నెండు లోపల నా సందేశం కావాల. ఊరంతా చూస్తాండారు.”

“క్లుప్తంగానే,” అంది దీవెనమ్మ. అందరినీ కళ్లు మూసుకోమంది. ఆదాముతోనే మొదలుపెట్టింది.

జయానందం పళ్లు నూరుతూ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన పెన్న దాటింది, చాపాడు దాటింది. అప్పుడు ఆయనకు ఒక సన్నని చప్పుడు వినిపించింది. గురక! ప్రార్థనలో గురకా? కోపంగా కళ్లు తెరిచాడు.

హాలు హాలంతా నిద్రపోతోంది. పూజ తల ఆసియా భుజం మీద, ఆసియా తల ఎస్తేరు మీద, ఎస్తేరు తల గోడ మీద. దీవెనమ్మ ఒక్కతే కళ్లు బార్లా తెరుచుకుని, కుర్చీల మధ్య పిల్లిలా తిరుగుతోంది. జారిన సంచులు సర్దుతోంది, ఏసీ గాలి తగిలే వాళ్లకు కొంగులు కప్పుతోంది. నోరు మాత్రం ఆగలేదు.

“ఓబులమ్మ బర్రెను ఆదుకో తండ్రీ… అయ్యగారూ, కుర్చీ జరపొద్దు, సప్పుడైతాది తండ్రీ…”

“అవ్వా, అందరూ నిద్ర పోతాండారు!”

“పోనియ్యి తండ్రీ, పోనియ్యి…” అదే రాగం. “ఈళ్ల మేడమోళ్లు ప్రార్థనకైతే పంపుతారు తండ్రీ, నిద్రకు పంపరు తండ్రీ…”

“ఊర్లో కూడా ఇంతేనా?”

“కూలికి పోయొచ్చి నడుం వాలిస్తే మొగుడు లేపుతాడు తండ్రీ, అత్త లేపుతాది తండ్రీ. ప్రార్థనలో కండ్లు మూసుకున్న దాన్ని ఎవురు లేపుతారు తండ్రీ? దేవుడంటే భయం గదా తండ్రీ…”

“మరి పెండ్లిండ్లల్లో ఎందుకవ్వా, బిర్యానీ చల్లారబెట్టేది?”

“అలవాటైపాయ తండ్రీ…”

అంతలో ఆమెకు దగ్గు తెర వచ్చింది. నోరు మూసుకుని గోడకానుకుంది. రాగం ఆగింది. ఆ నిశ్శబ్దానికి పూజ కనురెప్పలు కదిలాయి. దీవెనమ్మ మాట రాక, పాస్టరు వైపు చూసింది.

జయానందం గడియారం చూశాడు. ప్రసంగానికి సరిపోయే సమయముంది. ఎదురుగా కెమెరా, దాని వెనక ప్రొద్దుటూరు, ఆ వెనక నాలుగు దేశాలు. మైకు అందుకున్నాడు. గుండె నిండా ఊపిరి పీల్చాడు.

తర్వాత వంగి మైకు తీగ పీకేసి, గొంతు తగ్గించి, “ప్రభువా…” అన్నాడు.

ప్రార్థన ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెద్ద కానుకలు వేసేవాళ్ల పేర్లన్నీ గబగబా వచ్చాయి, వచ్చినంత గబగబా అయిపోయాయి. మిగతా సంఘం ముఖాలు తెలుసు గానీ పేర్లు తెలియవు. దీవెనమ్మ నీళ్లు తాగుతూ పక్కనుంచి అందించసాగింది. “ఆసియా వాళ్లమ్మీ నడుము… పూజ తమ్ముని పరీక్షలు…” ఆయన బుద్ధిగా అప్పజెప్పాడు. అవీ అయ్యాక ప్రొద్దుటూరు బస్టాండును, బంగారు అంగళ్లను, ట్రాఫిక్ సిగ్నల్‌ను కూడా ఆశీర్వదించాడు. పూజ రెప్పలు మళ్లీ బరువుగా వాలాయి.

జేబులో రెండో ఫోను వణికింది. గురునాథం.

“ఏంది అయ్యగారూ! మీ నోరు కదులుతాండాది గానీ ఒక్క ముక్క ఇనపడల్యా. ఈడ షామియానా కింద జనం గోల చేస్తాండారు!”

“మెల్లగా మాట్లాడప్పా, ఈడ ఆడోళ్లు పండుకోండారు,” అన్నాడు జయానందం గుసగుసగా. “పన్నెండుకు ఇంకా టైముంది. షామియానా కింద ఎవురెవురుండారో వరసగా పేర్లు చెప్పు. ముసలీముతకా, ఎవురినీ ఇడిసిపెట్టొద్దు.”