ఖాజా, నీలం బకెట్, మన బోటు పెట్టె

నిన్న పొద్దున హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్. మా ఖాజాకి హార్ట్ ఎటాక్. లేడు.

మొన్న సాయంత్రం మాట్లాడానే వాడితో!

బస్సు ఎక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా విజయవాడ దాకా నిలబడే వచ్చా. కూర్చోబుద్ధి కాలేదు.

తెలియని వాళ్ళకి చెప్తున్నా. ఖాజా, నేను కలిసి కృష్ణలో ఒక ఫైబర్ బోటు తిప్పేవాళ్ళం. ఘాటు నుంచి నది మధ్య లంకకి, లంక నుంచి ఘాటుకి. సీట్ల కింద ప్లాస్టిక్ పెట్టెలు, వాటిల్లో లైఫ్ జాకెట్లు.

ఎండకి ఆ పెట్టెలు పగిలేవి. నీళ్ళు దూరి జాకెట్లు నానిపోయేవి. పెట్టె బాగయ్యేదాకా బోటు కదలకూడదు. అది ఖాజా రూల్.

ఆ రూల్ ఎలా వచ్చిందంటే...

మొదటిసారి పగిలినప్పుడు ఇద్దరం పెద్ద మేధావుల్లా గమ్ పూశాం. నది మధ్యలో మొత్తం ఊడొచ్చింది. ఒక పెళ్ళివారి పెద్దాయన జాకెట్ అడిగితే నీళ్ళు పిండి ఇచ్చా. అందులోంచి రొయ్య పడింది!

ఖాజా నవ్వీ నవ్వీ ఇంజన్ ఆపేశాడు. ఒడ్డుకొచ్చాక మాత్రం నవ్వలేదు. "ఆయన నీళ్ళలో పడుంటే ఏంట్రా శీనూ?" అంటూ చీకటి పడేదాకా ఘాటు మీద తిరుగుతూనే ఉన్నాడు.

అప్పట్నుంచీ గమ్ బంద్. చీలిక ఇంకా పాకకుండా దాని చివర చిన్న బెజ్జం వేసేవాడు. అదే రకం ప్లాస్టిక్ ముక్క కరిగించి అతికేవాడు.

ఆ ప్లాస్టిక్ ఎక్కడిది? ఖాజా భార్య, మా షాహీన్ వదిన బకెట్లు! గవర్నర్‌పేటలో కొత్త నీలం బకెట్ కొనుక్కొస్తే వారం ఉండేది కాదు. పాపం, మంచం కింద దాచేది. వీడు అక్కడా వెతికేవాడు.

"ఈ మనిషితో స్నానానికి కూడా నీళ్ళు పట్టుకోలేకపోతున్నా అన్నయ్యా" అని నాతో చెప్పుకునేది.

మొన్న ముందుపెట్టె పగిలింది. బెజ్జం వేశాడు. "రేపు అతికేద్దాం రా" అన్నాడు.

ఆ రేపు నిన్ననే.

సాయంత్రం ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వాళ్ళింటికి వచ్చాం. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నా. బోటు అమ్మేద్దామనే అనుకున్నా. వాడు లేకుండా దాన్ని ఎక్కడం నావల్ల కాదు.

వదిన తలుపు వెనక నుంచి ఒక బకెట్ గుమ్మంలోకి జరిపింది. నీలంది. స్టిక్కర్ కూడా తీయలేదు.

"కోసెయ్ అన్నయ్యా. ఆ పెట్టె అలా వదిలేస్తే ఆయనకి నిద్ర పట్టదు."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఇప్పుడు ఘాటు మీదే ఉన్నా. బకెట్ కోసి ముక్క కరిగిస్తున్నా. అతుకు వంకరగానే వస్తుంది, తిట్టుకోరా.

బోటు అమ్మను. వెళ్ళిరా ఖాజా. ఈ ఒక్కసారి కుదురుగా పడుకో. అల్లా నీకు చల్లని చోటు చూపించాలి.