అడుగు సొరుగులోని దుప్పటి

ఇంగ్లండు రాణి కిరీటాన్ని హెస్టర్ గ్రాడ్‌వెల్‌కు అప్పగించి ఉంటే, రాణి బోసితలతోనే రాజ్యమేలేది. "ఇవాళెందుకు తల్లీ, మంచి రోజుకు ఉంచుదాం" అని హెస్టర్ దాన్ని పల్చటి కాగితంలో చుట్టి బీరువా ఎక్కించేసేది. దాచడంలో ఆవిడను మించినవాళ్లు దేశంలో లేరు. ఉంటే వాళ్లను కూడా ఎవరో దాచేసి ఉంటారు.

నెల్సన్ అనే ఊళ్లో, నూలు మిల్లు వెనక వీధిలో ఆవిడ ఇల్లు. నూలు మగ్గాల మీద వయసంతా అరగదీసిన మనిషి. దాచడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆ ఒక్క ఇంటికే కావాలి. "పుట్ బై" అంటే పక్కన పెట్టింది, రేపో ఎల్లుండో అడగొచ్చు. వానరోజుకు అన్నదంటే అది కష్టకాలానికి, అడగకపోవడమే మేలు. దారం ముక్కలూ, జాడీ మూతలూ ఎందుకు పనికొస్తాయో ఆవిడకూ తెలియదు, కానీ పారేస్తే ఊరుకోదు. ఇక "ఫర్ బెస్ట్", అంటే మంచి రోజుకు, అన్నదంటే దాని మీద చేయి వేసే ధైర్యం ఎవరికీ లేదు. మనవరాలికి కొన్న ఎర్ర బూట్లు అలా మంచి రోజు కోసం ఉండగానే పిల్ల కాళ్లు పెరిగిపోయాయి.

వీటన్నిటికీ పైది బీరువాలోని అడుగు సొరుగు. ఆ వీధి ఆడవాళ్లందరికీ అలాంటిది ఒకటుండేది. తను పోయిన రోజుకు కావలసినవన్నీ అందులో ఉంటాయి: తెల్ల గౌను, తెల్ల మేజోళ్లు, రెప్పలు తెరుచుకోకుండా కళ్ల మీద పెట్టే రెండు రాగి పెన్నీ నాణేలు, మూలన ఎర్రదారంతో తన పేరు కుట్టుకున్న లినెన్ దుప్పటి. శవపేటికలవాళ్ల మగచేతులు తన ఒంటి మీద పడకూడదని హెస్టర్ పంతం. అందుకే ఎదురింటి మైరా ప్రాక్టర్‌తో ఒప్పందం చేసుకుంది. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు స్నానం చేయించి పడుకోబెట్టాలి. ఒకరి సొరుగు తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. మొగుడికి కూడా ఇవ్వని తాళంచెవి అది.

మైరా కూతురు లిన్ పెళ్లికి ముందు వారం హెస్టర్ తన కొడుకింటికి వెళ్లింది. ఇల్లు చూసుకోమని, పిల్లికి పాలు పోయమని మైరాకే చెప్పింది. తిరిగి వచ్చిన రోజు నేరుగా చర్చి హాల్లో పెళ్లి విందుకు వెళ్లి కూర్చుంది. పంది మాంసం ముక్కలు, ఊరబెట్టిన బీట్‌రూట్, క్రీమ్ పోసిన ట్రైఫిల్. ఒళ్లోకి జారుతున్న బల్లగుడ్డను సర్దుతుంటే వేలికి ఏదో గరుకుగా తగిలింది. చూస్తే ఎర్రదారం. తన పేరు.

హెస్టర్ అరవలేదు. పళ్లెంలోది తిన్నది, కేకు బాగుందన్నది. మైరా మాత్రం ఆ బల్ల వైపు ఒక్కసారి కూడా రాలేదు.

సోమవారం మైరా దుప్పటి ఉతికి, గంజి పెట్టి, మడిచి తెచ్చింది. బీట్‌రూట్ మరక గులాబిరంగులో మిగిలే ఉంది.

"ఒక్క పూటకే కదే. మగపెళ్లివాళ్ల ముందు చిరుగుల గుడ్డ పరవమంటావా? అడిగితే ఇచ్చేదానివా నువ్వు?"

"ఇచ్చేదాన్ని కాదు" అంది హెస్టర్. "అది నీకు తెలుసు. తెలిసే తీశావు."

"బతికున్నవాళ్లకు పనికొచ్చిందిలే, సంతోషించు."

"రేపు నా గడ్డం కింద ఆ మరక సర్దేదానివి నువ్వే కదా మైరా. అప్పుడైనా నీకు సిగ్గేసేదా?"

హెస్టర్ మైరా తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టి, తనదాని కోసం చేయి చాచింది.

అప్పటినుంచి ఆ తాళంచెవి నాడాకు కట్టి ఆవిడ మెడలోనే ఉంది. తను పోతే శవపేటికలవాళ్లే చూసుకుంటారని ఇంట్లో చెప్పేసింది. ముక్కూ మొహం తెలియని మగవాళ్లయినా, వాళ్లు తనకు మాటిచ్చి తప్పినవాళ్లు కారట. దుప్పటిని ఎన్నిసార్లు ఉడకబెట్టినా, ఎండలో వేసినా మరక పోలేదు. మైరా వీధిలో ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడుతుంది, అంతే.

ఇదంతా రాసి మనవరాలు ఆవిడకు చదివి వినిపించింది. కథ చల్లగా ముగియాలని చివర, లోలోపల హెస్టర్ ఎప్పుడో మైరాను క్షమించేసిందని ఒక వాక్యం చేర్చింది. హెస్టర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నేనెప్పుడన్నాను? కొట్టెయ్ అది."