కోర్టులో పోలమ్మ చెప్పాల్సిన మాట

సెక్టర్ ఆరులో మా గోడ పక్క క్వార్టర్ పోలమ్మ వదినది. వరసకి వదినా కాదు, ఏమీ కాదు. వాళ్ళది టెక్కలి వైపు, మాది చీపురుపల్లి వైపు. మావాళ్ళంతా భిలాయి స్టీలు ప్లాంటుకి వచ్చి పడ్డాక అందరం ఒక్క ఊరివాళ్ళమే అయిపోయేం కనక ఆవిడ వదిన, వాళ్ళాయన నరసింగరావు నాకు అన్నయ్య. ఆవిడ గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. అంత మొండి మనిషిని నేను పుట్టి ఎరగను.

పెళ్ళయిన కొత్తలో క్యాంప్ 2లో ఒంటి గదిలో కాపురం వాళ్ళది. అన్నయ్య అప్పటికి పట్టాల మిల్లులో మామూలు ఖలాసీ, క్రేన్ ఆపరేటర్ అయింది చాలా తరవాత. జీతం చాలక వదిన రెండు గేదెల్ని కొని పాలు పోసింది. ఓసారి గేదె తన్ని కుడి చెయ్యి విరిగితే, ఎడమ చేత్తో పితికి సాయంత్రం పాలు ఆలస్యం కాకుండా పంచిందట. నొప్పి పెట్టలేదా వదినా అంటే, పెట్టకేం, గేదెకి తెలుస్తాదేటి అని నన్నే ఎదురడిగింది. ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళతో వాళ్ళ మాటలోనే పోట్లాడేది. అలా పోట్లాడీ, పాలు పోసీ ఒక్కగానొక్క కొడుకు వెంకట్‌ని డిగ్రీ దాకా చదివించింది. వాడు మందుల కంపెనీలో చేరి, రాయపూర్, బిలాస్‌పూర్, నాగపూర్ తిరిగేవాడు. మెడలో టై కట్టుకుని మోటారు సైకిలెక్కుతుంటే వదిన గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా చూస్తోందా లేదా అని అటూ ఇటూ చూసుకునేది. నాకు నవ్వొచ్చేది.

తొంభై ఆరు వానాకాలంలో వెంకట్ రోడ్డు మీద పోయాడు. లారీ గుద్దేసింది. ఇరవై ఆరేళ్ళు నిండలేదు.

ఏడవలేదు వదిన. పదకొండో రోజు తంతు అంతా దగ్గరుండి జరిపించింది, వచ్చినవాళ్ళకి వడ్డించింది. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది, అంతే. ఆ ఇంట్లో వాడి పేరు వినపడ్డం మానేసింది. మేమూ అనడం మానేశాం. ఏమని అంటాం?

ఇప్పుడు మా ప్లాంటు ఇళ్ళల్లో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. మా మగాళ్ళు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటారు. సరిగ్గా అప్పుడే చందాలవాళ్ళు, బీమా ఏజెంట్లు, చీటీ పాటల వాళ్ళు తలుపు కొడతారు. లేపితే ఆ మనిషి రాత్రి క్రేన్ మీద తూలి పడతాడు. అందుకని ఎవరొచ్చి ఏ మగాడి పేరు అడిగినా, లోపల గురక వినిపిస్తున్నా సరే, డ్యూటీకి వెళ్ళేరని చెప్పేస్తాం. ఆలోచించి చెప్పే మాట కాదది, తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది. పెళ్ళై వచ్చిన నెలలోనే అత్తలూ పక్కింటి వాళ్ళూ నేర్పేస్తారు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం దుర్గ్ కోర్టు నుంచి ఒకతను సైకిల్ మీద వచ్చి వాళ్ళ తలుపు కొట్టేడు. అన్నయ్య నైట్ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. ఆ వచ్చినతను, వెంకట్‌రావు ఘర్ పర్ హై క్యా, ఇంట్లో ఉన్నాడా, అని హిందీలో అడిగేడు. వదిన, డ్యూటీ గయా, అంది. నువ్వెవరంటే అమ్మని అంది. అయితే ఇక్కడ సంతకం పెట్టి కాగితం తీసుకో, ఆయనొచ్చేక ఇయ్యి, అన్నాడు. ఆవిడ ఓనమాలు దిద్దినట్టు పోలమ్మ అని తెలుగులో రాసి ఆ కాగితం తీసుకుంది.

సాయంత్రం అన్నయ్య అది పట్టుకుని మా ఇంటికి వచ్చేడు. నేను ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నదాన్ని కనక కోర్టు హిందీ నాకు కొంచెం అర్థమవుతుంది. చదివి గతుక్కుమన్నాను. బ్యాంకు వాళ్ళు వెంకట్ మీద దావా వేశారు, క్రెడిట్ కార్డు బాకీ కింద. అదేంటో అన్నయ్యకి విడమర్చి చెప్పాల్సి వచ్చింది. జేబులో బస్సు పాసంత ప్లాస్టిక్ ముక్క. అది చూపిస్తే హోటల్ వాడు డబ్బడగడు, బ్యాంకు ఇస్తుంది, తరవాత మనం బ్యాంకుకి కట్టాలి. ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా, వెంకట్ హోటల్ ఖర్చులన్నీ దాని మీద పెట్టి, కంపెనీ ఇచ్చేక కట్టేసేవాడు. ఆఖరి నెలలవి ఉండిపోయాయి. వాటి మీద వడ్డీ, ఆ వడ్డీ మీద వడ్డీ, అసలు కంటే అదే ఎక్కువైంది.

బ్యాంకు నుంచి ఇన్నాళ్ళూ ఒక్క ఉత్తరం కూడా రాలేదా అన్నాను. వచ్చేయి, బీరువా మీద పెట్టేను అన్నాడు. విప్పలేదా? విప్పలేదట. నాకు ఒళ్ళు మండింది. ఒక్క ముక్క రాసి పడేస్తే అప్పుడే తేలిపోయేది కదా అన్నయ్యా, అని ఎడాపెడా అడిగేశాను. ఆయన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

“వాడి పేరున వచ్చినవి కదమ్మా. నేనెలా విప్పుతాను?” అన్నాడు.

రేపే ఒక వకీలుని చూద్దాం అన్నాను.

దుర్గ్‌లో దేవాంగన్ అని ఒక వకీలు దగ్గరికి అన్నయ్యా నేనూ వెళ్ళేం. ఆయన కాగితం చూసి తేలిగ్గా నవ్వేడు. చనిపోయిన మనిషి మీద దావా నిలవదు, మరణ ధ్రువపత్రం జత చేసి అర్జీ పెడదాం, ఒక్క వాయిదాలో పోతుంది అన్నాడు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం తీర్పు వాళ్ళకి ఇచ్చేస్తారు, ఆ మీదట కోర్టు మనుషులొచ్చి ఇంట్లో సామాను వీధిలోకి లాగుతారు అని కూడా చెప్పేడు.

ఒక్క వాయిదాలో పోలేదు. బ్యాంకు వకీలు లేచి, కోర్టు మనిషి వెనక్కి తెచ్చిన రిపోర్టు చూపించేడు. అబ్బాయి డ్యూటీకి వెళ్ళాడని కన్నతల్లే చెప్పి సంతకం పెట్టింది, బాకీ ఎగ్గొట్టడానికి కొడుకుని ఆంధ్రాకి పంపించేసి ఎక్కడో ధ్రువపత్రం పుట్టించారు అన్నాడు. జడ్జి రెండు కాగితాలూ పక్క పక్కన పెట్టుకుని చూశాడు. ఆ తల్లినే తీసుకురండి, ఆవిడ నోటితోనే వింటాను అని వాయిదా వేశాడు. ఆయన తప్పేముంది? మేమైనా అలాగే అనుకుందుం.

అంటే వదిన బోనెక్కి, నా కొడుకు చనిపోయాడు అని చెప్పాలి. అంతే. ఒక్క మాట.

చెప్పనంది. కోర్టుకి రానంది. నా గాజులున్నాయి, అవి అమ్మి బాకీ కట్టీయండి అంది. ఆ గాజులు వడ్డీకి కూడా చాలవని అన్నయ్య చెప్తే, అయితే గిన్నెలు పట్టుకుపోమను, మంచాలు పట్టుకుపోమను, నేల మీద తొంగుంటాను అంది. అన్నయ్య రెండ్రోజులు బతిమాలి ఊరుకున్నాడు. ఆ ఏడాదే ఆయన రిటైరవ్వాలి. ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా చేసి, ఆఖర్న బ్లాకు బ్లాకంతా చూస్తుండగా సామాను వీధిలో పెట్టించుకుంటాడా అని నాకు కడుపు మండిపోయి, ఆవిడ వంటింట్లోకే వెళ్ళి దులిపేశాను. నీకు తెలీదా వదినా? దినం చేసింది నువ్వు కాదా? ఏటి నీ మొండితనం? ఒక్క మాట, ఒక్క ముక్క, నోరు తిరగదా?

ఆవిడ పొయ్యి ఆపేసి నా వైపు తిరిగింది.

“నాకు తెలీకనా సూర్యావతీ. అందరూ అన్నారు. డాట్రు అన్నాడు, పంతులు అన్నాడు, ఊరంతా అన్నారు. నానొక్కత్తినే అన్లేదు. నాను కూడా అనీసేక ఆడికింకెవులున్నారు సెప్పు?”

అయినా నేను ఊరుకునే రకం కాదు కదా. అన్నయ్య ఉన్నాడు, ఆయన పరువుంది, వెంకట్‌ని ఆ వకీలు దొంగని చేసి పారిపోయాడంటున్నాడు, అది వింటావా అన్నాను. ఆ ఆఖరి మాటకి ఆవిడ ముఖం మారింది. మా గుంటడు పారిపోయేడన్నాడా అని మళ్ళీ అడిగి చెప్పించుకుంది. వస్తాననీ రాననీ అనలేదు. వాయిదా రోజు పొద్దున్నే తల దువ్వుకుని, ముదురాకుపచ్చ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

కోర్టు వరండాలో బల్ల మీద కూచున్నాం. మా కేసు వచ్చినప్పుడు బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, వెంకట్‌రావు వల్ద్ నరసింగరావు, హాజిర్ హో, అని కేకేశాడు, నరసింగరావు కొడుకు వెంకట్‌రావు రావాలి అని. వదిన దిగ్గున లేచి మెట్ల వైపు చూసింది. రెండోసారి కేకేశాడు. ఆవిడ అటే చూస్తోంది. అన్నయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించేడు.

వదినకి బజారు హిందీ వచ్చు గానీ కోర్టు హిందీ అర్థం కాదని, పక్కన నిలబడి రెండు వైపులా చెప్పడానికి నాకు అనుమతి ఇచ్చేరు. జడ్జి వయసులో చిన్నవాడే. నెమ్మదిగానే అడిగేడు. ఆ రోజు వచ్చిన మనిషితో కొడుకు డ్యూటీకి వెళ్ళాడని చెప్పేవా? చెప్పేను అంది. నిజంగా డ్యూటీకి వెళ్ళాడా? నేదు అంది. మరెందుకు చెప్పేవు?

వదిన తెలుగులో చెప్పింది. అదే మా ఇళ్ళల్లో చెప్పే మాట, నోటికి వచ్చీసింది. వచ్చీసేక దిద్దుకోవాలని అనిపించలేదు బాబూ. రెండేళ్ళైంది మా గుంటడి పేరు చెప్పి ఎవులైనా తలుపు కొట్టి. ఇంట్లో ఉన్నాడా అని అడిగేడు ఆ మనిసి. ఎంత బాగా అడిగేడో. ఉన్నాడనుకునే కదా అడిగేడు. ఆయనకి ఆ ఒక్క పూటా ఉన్నాడనే ఉండనిద్దుం అనిపించింది. ఇంతే చెప్పింది. అదంతా నేను హిందీలో చెప్పేను. బ్యాంకు వకీలు తన కాగితాల్లోకి చూసుకుంటున్నాడు.

జడ్జి, అయితే ఇప్పుడు మీ అబ్బాయి ఎక్కడున్నాడమ్మా అని అడిగేడు.

వదిన బోను చెక్కని రెండు చేతుల్తో పట్టుకుంది. “సచ్చిపోనాడు బాబూ” అంది.

అందరూ నా వైపు చూశారు. ఆ మాట నేను హిందీలో చెప్పాలి. ఎదురుగా వదిన నా ముఖంలోకే చూస్తోంది. నోరు తెరిచాను. రాలేదు. ఒక్క ముక్క, నోరు తిరగదా అని ఆవిడ వంటింట్లో నిలబడి గర్జించిన నాకు, ఆ తల్లి ముఖం చూస్తూ ఆ మాట అనడం చేతకాలేదు. జడ్జి ఇంకోసారి అడిగేడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వదిన కాస్సేపు నన్ను చూసింది. తరవాత జడ్జి వైపు తిరిగి, పాల లెక్క చెప్పే హిందీలో తనే చెప్పింది.

“మర్ గయా సాబ్. మేరా బేటా మర్ గయా.”

టైపు మిషన్ మీద అది టకటకా కొట్టేరు. చదివి వినిపించి, కింద సంతకం పెట్టమన్నారు. పెట్టింది. దావా కొట్టేశారు. దేవాంగన్ వకీలు బయటికొచ్చి, ఇంక దిగుల్లేదు, ఇళ్ళకి వెళ్ళండి అన్నాడు. అన్నయ్య ఆయనకి దండం పెట్టేడు.

దుర్గ్ నుంచి తిరుగు బస్సులో వదిన కిటికీ పక్కన, నేను మధ్యలో, అన్నయ్య ఈ చివర కూచున్నాం. నెహ్రూ నగర్ ఇంకాసేపట్లో వస్తుందనగా వదిన నా మీంచి వంగి అన్నయ్యని అడిగింది. ఆవిడ గొంతు మామూలుగా ఉంది.

“ఎక్కడ పడిపోనాడు?”

అన్నయ్య తుళ్ళిపడ్డాడు. ఈ రెండేళ్ళలో ఆవిడ ఆ మాట అడగలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎలాగ, ఒక్కటీ అడగలేదు. అడగాలంటే ముందు ఆ మాట అనుకోవాలి కదా. ఆయన ముందుకి చెయ్యి చూపించి, వస్తోంది, అన్నాడు. ఆ మాట అంటూనే లేచి కండక్టర్ని బస్సు ఆపమన్నాడు.

ముగ్గురం ఎండలో దిగేం. నెహ్రూ నగర్ మలుపుకి కొంచెం ఇవతల, రోడ్డు వార. లారీలు పోతున్నాయి. అక్కడేమీ లేదు, కంకరా, ఎండిన గడ్డీ. ఇదిగో ఇక్కడే అని అన్నయ్య కాలి బొటనవేలితో చూపించేడు. వదిన ఆకుపచ్చ చీర అంచు మట్టిలో ఈడ్చుకుంటున్నా చూసుకోకుండా అక్కడ గొంతుక్కూచుంది. నేల మీద అరచెయ్యి ఆనించింది. ఎండకి కాలిపోతూ ఉండి ఉంటుంది, తియ్యలేదు.

“మంచినీళ్ళు అడిగేడా?” అంది.

ఆవిడ తలెత్తి మళ్ళీ అడిగింది. నీతో ఏమైనా చెప్పేడా, మంచినీళ్ళు అడిగేడా అని.

“నాకు తెలీదు పోలమ్మా,” అన్నాడు ఆయన. “నేనొచ్చేసరికే వాడు పోయేడు.”

అప్పుడు ఏడ్చింది వదిన. ఆ రోడ్డు వారన, పోయే లారీల పక్కన, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అన్నయ్య కూడా ఆవిడ పక్కనే మట్టిలో కూలబడ్డాడు.