మతురిన్ కొట్టిన మూడు దెబ్బలు

ఊరూరా తిరిగే మా నాటక బృందంలో ఎవరి వేషం ఎక్కడ చిరిగిందో మతురిన్‌కు తెలుసు. ముప్పై ఏళ్లుగా రాజులకు గుండీలు కుట్టింది, దేవతలకు మేజోళ్లు ఉతికింది. తెర లేచేముందు కర్రతో నేలమీద మూడు దెబ్బలు కొట్టేదీ ఆమే. మూడో దెబ్బకు ప్రేక్షకుల సాలంతా మంచు కురిసినట్టు సద్దుమణిగేది.

ఆ ఏడాది రువాన్ పట్నంలో చలి ముందే దిగింది. మతురిన్ దగ్గులో ఎండుటాకుల చప్పుడు. ఈ చలిలో మళ్లీ బండెక్కితే ఆమె మిగలదని అందరికీ తెలుసు. అయినా మమ్మల్ని ఊరినుంచి పంపెయ్యమని చర్చి పెద్ద బర్నెవిల్ దొర న్యాయాధికారికి అర్జీ పెట్టాడు. నాటకం పాపమట. ఆ పాపం నుంచి మా నటి ఆర్మెల్‌ను తప్పించడానికి మాత్రం రోజూ వేషాల గదికి వచ్చేవాడు. ప్రార్థన నోట్లో, చెయ్యి ఆమె భుజంమీద.

ఒక మధ్యాహ్నం మతురిన్ ఆయనకు ఎదురెళ్లింది.

"దొరగారూ, ఆర్మెల్ మనసు మారింది. ఇవాళ ఆట లేదు, సాల ఖాళీ. వేదికమీద మీతో మాట్లాడుతుందట."

"ఒంటరిగానా?"

"పశ్చాత్తాపానికి జనమెందుకండీ?"

తెరకు అవతల, చీకట్లో, న్యాయాధికారీ నగర పెద్దలూ కూర్చుని ఉన్నారు. కొత్త ఆట చూసి మా సంగతి తేల్చమని పిలిచింది మతురినే. తెర లేచేదాకా కిక్కురుమనొద్దని మరీ మరీ చెప్పింది.

వేదికమీద మోకరిల్లింది ఆర్మెల్ కాదు, బర్నెవిల్ దొర.

"చర్చి గొడవ వదిలెయ్, పిల్లా! ఏటి అవతల నాకో తోట ఇల్లుంది. నువ్వొస్తానంటే ఆ అర్జీ రేపే చింపేస్తా."

ఠక్. ఠక్. ఠక్.

ఎన్నడూ నాటకం చూడనివాడికి ఆ దెబ్బల అర్థం ఏం తెలుస్తుంది? ఎవరో మేకు కొడుతున్నారనుకుని దొర ఆర్మెల్ చెయ్యి వదల్లేదు. తెర లేచింది.

న్యాయాధికారి చప్పట్లు కొట్టాడు. "భేష్! అచ్చం మన బర్నెవిల్ గారే! ఎవరీ నటుడు?"

దొర టోపీ ముఖంమీదికి లాక్కున్నాడు.

"కొత్తవాడండీ," అంది మతురిన్. "ఇవాళే చేరాడు. కాస్త సిగ్గరి."

"నటుడైతే వంగి దండం పెట్టమను. నిజంగా బర్నెవిల్ గారే అయితే మాత్రం ఆ అర్జీ గురించి రెండు మాటలు అడగాలి," అన్నాడు న్యాయాధికారి.

దొర మెల్లగా లేచాడు. టోపీ తీసి నడుము వంచాడు.

"ఇంకాస్త కిందికి, బాబూ. వెనక వరసవాళ్లకు కనబడొద్దూ?" అంది మతురిన్.

చలికాలమంతా ఉండొచ్చని మాకు అనుమతి వచ్చింది. బండిమీది పెట్టెలు దించాం. ఆ సాయంత్రం మేం పడీపడీ నవ్వుతుంటే, మతురిన్ పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కుంది.

"నవ్వింది చాలుగానీ, ఆ తలుపు వెయ్యండర్రా. చలి."