ఫిట్‌నెస్ సంచి

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువో చెప్పలేను. మా షెడ్డులో బస్సును లేపే జాకీ ఉంది గాని, దీని కింద పెట్టడానికి దానికి చోటు దొరకదు. చూశారా, నాలుగు మాటలు రాశానో లేదో జోకు వేశాను. నా జబ్బే అది. చావింటికి వెళ్లినా అక్కడ కుర్చీలు వేసినవాడి మీద ఒక మాట అనకుండా రాలేను. మీకు నవ్వొస్తే నవ్వండి, కానీ నన్ను నమ్మకండి. నేను ఎక్కడ నవ్విస్తున్నానో అక్కడే ఏదో దాస్తున్నానని నాకు ఈమధ్యే తెలిసింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి, “ఊరుకోరా, నువ్వూ నీ జోకులూ” అంటారు. నేను ఊరుకుంటాను. ఆరేళ్లుగా అంతే కదా చేసింది.

జహీరాబాద్‌లో హైవే పక్కన ఒక షెడ్డులో మెకానిక్‌ని. ఇది జరిగేటప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మనుషుల్ని ఎక్కించుకునే పాత బండి ప్రతిదీ ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సరేనంటేనే మళ్లీ రోడ్డెక్కాలి. ఎండాకాలం చివర్లో మా షెడ్డు పెళ్లివారిల్లులా ఉంటుంది. పెళ్లికూతుళ్లందరూ ముసలివాళ్లే. సొట్టలు తీస్తాం, తుప్పు గీకుతాం, బడి బస్సులకు పసుపు రంగు పూస్తాం, చిరిగిన సీట్లకు కవర్లు తొడుగుతాం.

ఈ పనికి మా దగ్గర ఒక గోనె సంచి ఉండేది. ఫిట్‌నెస్ సంచి అనేవాళ్లం. మంట ఆర్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, వైపర్ల జత, గట్టిగా మోగే హారన్, పగలని అద్దాలు అందులో ఉండేవి. ఏ బండికి ఏది తక్కువైతే అది సంచిలోంచి తీసి బిగించడం, పరీక్ష అయ్యాక విప్పి మళ్లీ సంచిలో వేయడం. ఆ ఫస్ట్ ఎయిడ్ డబ్బా నాకంటే ఎక్కువ పరీక్షలు పాసైంది. లోపలి దూదిని మాత్రం ఎవరి గాయానికీ వాడింది లేదు. అది మోసం అని మాకెవరికీ అనిపించలేదు. పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకున్నట్టు, అంతే అనుకున్నాం.

సంచిలో ఒక హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా ఉండేది. మంచిది. ఊళ్లో తిరిగే ఒక రకం మినీబస్సులన్నిటికీ సరిపోయేది.

మాణయ్య కాక నడిపే మినీబస్సు ఆ రకందే. బస్వరాజ్ సేఠ్ బండి అది. ఫ్యాక్టరీ స్టాఫ్‌ను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపేది. కాక నాకు చుట్టం కాదు, మా వీధిలోనే ఉంటాడు. ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టిన మనిషి. ఆయనకు ఒక అలవాటు ఉండేది. బండి ఎక్కడ ఆపినా హ్యాండ్ బ్రేకు లాగి, సీటు కింద నుంచి ఒక నల్లరాయి తీసుకుని దిగి, వెనక చక్రానికి అడ్డం పెట్టేవాడు. బయలుదేరేముందు ఆ రాయిని దులిపి మళ్లీ సీటు కింద పెట్టుకునేవాడు. దానికి పసుపు కుంకుమ ఒక్కటే తక్కువని అన్నది నేనే. రాళ్ల కాక అని పేరు పెట్టిందీ నేనే.

ఆ ఏడు ఆయన బండి కేబుల్ చూస్తే తీగలు చిట్లిపోయి నాలుగైదు పోగుల మీద ఉంది. దాన్ని తీసేసి సంచిలోనిది వేశాను. ఎత్తు మీద నిలబెట్టి చూపిస్తే బండి వేలెడంత కూడా కదల్లేదు. పాసైంది. తిరిగొస్తూ చిరాగ్‌పల్లి దగ్గర టీకి ఆగాం. కాక అలవాటు ప్రకారం వంగి రాయి తీశాడు. అక్కడ ఇంకో నలుగురు డ్రైవర్లున్నారు. వినేవాళ్లుంటే నా నోరు ఆగదు.

“ఏం కాకా, సర్కారు సంతకం పెట్టినా నీకు నమ్మకం లేదా? గా రాయికి గూడ ఫిట్‌నెస్ చేయిద్దామా?”

అందరూ నవ్వారు. కాక కూడా నవ్వాడు.

“బ్రేకు గంత మంచిగైందా బిడ్డా?”

“బండి ముక్కలైనా బ్రేకు ఇడువదు. ఇగ రాళ్లు మోసుడు బంద్ చెయ్.”

ఆయన రాయిని ఒకసారి చేతిలో తూచి, రోడ్డు పక్క ముళ్లకంపలోకి విసిరేశాడు. నలుగురూ చప్పట్లు కొట్టారు. నేను టీ ఇంకోటి చెప్పాను.

మర్నాడు ఇంకో బస్సు వంతు వచ్చింది. దానికి కేబుల్ కావాలి. కాక బండి నుంచి మంచిది విప్పాను. పాతదే మళ్లీ వేశాను. లివర్ వదులుగా ఉంటే కాక కనిపెడతాడని నట్టు బిగించి, చేతికి గట్టిగా తగిలేలా చేశాను. ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? రాయి పారేయించి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు, ఇప్పుడు వెళ్లి ‘కాకా, రాయి వెతుక్కో’ అంటే ఆ నలుగురి ముందు నేనే జోకునవుతానని కాదా? నాలుగు రోజుల్లో కొత్త కేబుల్ వస్తుందిలే అనుకున్నాను. అసలు తెప్పించమని నేను ఎవరికీ చెప్పనేలేదు. బస్వరాజ్ సేఠ్ తనే ఫోన్ చేసి, “కేబుల్ కొత్తది ఎయ్యిరా, పైసలకు సూడకు” అన్నాడు. “ఏసిన సేఠ్” అన్నాను. ఒక పిసినారి యజమాని ఉండి ఉంటే ఈ కథలో నాకెంత సాయంగా ఉండేది. లేడు. హైదరాబాద్‌కు ఒక ఫోన్ చేస్తే అయిపోయే పని. బద్ధకం. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఆరేళ్లుగా వెతుకుతున్నాను. దొరకలేదు.

పదకొండో రోజు సాయంత్రం, మొగుడంపల్లి రోడ్డులో ఒక ఎత్తు మీద కాక బండి ఆపాడు. సుబ్బారావు గారు దిగాలి. గోదావరి వైపు నుంచి వచ్చి ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే పెద్దమనిషి. ఆ రోజు బియ్యం బస్తా ఒకటి వెనక డిక్కీలో వేసుకొచ్చారు. దించుకోవడానికి బండి వెనక్కి వెళ్లారు. ఒక చెయ్యి వేద్దామని కాక కూడా దిగాడు. ఆయన అటు చేరేలోపే బండి వెనక్కి జారింది. వెనక ప్రహరీ గోడ. మధ్యలో సుబ్బారావు గారి కాలు.

లోపలున్నవాళ్లు దిగి బండిని ముందుకు నెట్టి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఆయన్ని బయటికి తీశారు. కాక ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. ఎవరో షెడ్డుకు ఫోన్ చేశారు. నేను బైకు మీద పది నిమిషాల్లో చేరుకున్నాను.

రాయాల్సింది ఇప్పుడు వచ్చింది. ఇంతసేపూ దీని చుట్టూ తిరిగాను.

జనమంతా గోడ దగ్గరున్నారు. నేను డ్రైవర్ వైపు తలుపు తీశాను. హ్యాండ్ బ్రేక్ లివర్ పైకి లేచి ఉంది. పూర్తిగా. అంటే కాక లాగాడు. లాగగలిగినంతా లాగాడు. వేలితో ముట్టుకుంటే అది పిల్లాడి ఊడే పన్నులా ఊగింది. కింద కేబుల్ తెగిపోయింది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. నిమిషం కూడా కాదేమో.

లివర్‌ను కిందికి దించాను.

భయంతో ఒళ్లు తెలియక చేశానా? అలా రాస్తే బాగుంటుంది. కానీ దించేముందు నేను వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని చూశాను. ఒళ్లు తెలియనివాడు వెనక్కి తిరిగి చూడడు.

సేఠ్ కారులో వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. “లివర్ ఎట్లుండెరా?” అని అడిగాడు. “కిందనే ఉండె సేఠ్” అన్నాను. సేఠ్ తల పట్టుకుని, “ఏందిది మాణయ్యా” అన్నాడు, అక్కడ లేని మనిషితో.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మర్నాడు వచ్చి చూసేదాకా బండి మా షెడ్డులోనే ఉంది. ఆలోపు తెగిన కేబుల్ తీసేసి, సంచిలోనిది మళ్లీ వేశాను. అది మరీ మెరుస్తోందని గ్రీజు, దుమ్ము కలిపి పూశాను. పాతవాటిని కొత్తవిగా చూపించడం మా వృత్తి. ఆ రోజు మంచిదాన్ని పాతదిగా చూపించాను. పనిమంతుణ్నే. ఇన్‌స్పెక్టర్ లివర్ లాగి, నలుగురితో బండిని నెట్టించాడు. కదల్లేదు. బ్రేకులో లోపం లేదని రాసుకున్నాడు. ఆయన్ని అనడానికేమీ లేదు. కళ్లముందున్నదాన్ని చూశాడు. అది నిజంగానే మంచి బ్రేకు.

కాక ఒక పక్కన నిలబడి అదంతా చూస్తున్నాడు. ఆయన ముఖం నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి స్పానర్లు సర్దాను. సర్దినవాటినే మళ్లీ సర్దాను.

సుబ్బారావు గారి కాలు దక్కింది గాని, మెట్లు కనపడితే ఆయనకంటే ముందు అదే ఆగిపోతుంది. ఆయన మంచి మనిషి. “పెద్దాయన, పొరపాటు ఎవరికైనా జరుగుద్ది” అని కాకను క్షమించారు, కేసు రాజీ చేసుకున్నారు. కాక తలవంచుకుని ఆ క్షమ తీసుకున్నాడు. నాకు రావాల్సింది. నేను అడగనిది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం కాక షెడ్డుకు వచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు. టీ తెప్పిస్తానంటే వద్దన్నాడు.

“బండి ఇప్పి సూసినోనివి నువ్వు. ఒక్క మాట చెప్పు బిడ్డా. నేను లివర్ గుంజలేదంటవా?”

“ఇన్‌స్పెక్టర్ సారే రాసిండు గద కాక.”

“రాసిండు. కని నాకు గుంజినట్టే యాదికొస్తది. కర్రుమని సప్పుడు గూడ ఇనొస్తది.”

చెప్పాల్సింది ఒక్క మాట. గుంజినవ్. అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చిందని రాస్తే నన్ను కాస్త మంచివాడనుకుంటారేమో. రాలేదు. వచ్చింది ఇది:

“రోజుకు ఇర్వై సార్లు గుంజేటోనివి. ఏ సప్పుడు ఏ రోజుదో చెయ్యికేం తెల్సు? క్యాలెండర్ కట్టుకుంటదా?”

ఆయన నవ్వాడు. నా జోకులకు ఎప్పుడూ నవ్వే మనిషి. ఎడమ అరచెయ్యి తిప్పి కాసేపు చూసుకున్నాడు.

“గంతేనంటవా. గట్లయితే నా చెయ్యే నాకు అబద్ధం చెప్పింది” అని లేచి వెళ్లిపోయాడు.

తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. సేఠ్ వేరే బండి ఇస్తానన్నా వద్దన్నాడు. ఉద్యోగం పోవడం వరకే అయితే నేను ఎలాగో సర్ది చెప్పుకునేవాణ్నేమో, వయసయింది, విశ్రాంతి దొరికింది అని. కానీ ఆ ఒక్క చెయ్యి మీద మొదలైన అనుమానం అక్కడ ఆగలేదు. తాళం వేసి నాలుగుసార్లు వెనక్కొచ్చి లాగి చూస్తాడని, గ్యాస్ కట్టేశాక కూడా పోయి పోయి ముట్టుకుంటాడని ఆయన భార్య మా అమ్మతో చెప్పుకుంది. మతిమరుపని దవాఖానలో చూపించారు. గోలీలు వాడుతున్నాడు. లేని జబ్బుకు మందు. మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చే పని కూడా కొడుకు తీసేశాడు, “బాపుకు యాదుండదు, పిల్లను యాడనన్న మర్సిపోతడు” అని. ఆ మాట కాక ఎదుటే అన్నాడట. కాక అవునన్నట్టు తలూపాడట.

మొదట్లో నన్ను ఆపింది కేసు భయమే. ఇప్పుడేది ఆపుతోంది? జైలు అంటే ఇప్పుడంత భయం లేదు. ఊళ్లో నన్ను చూడగానే అందరి ముఖాల్లో ఒక నవ్వు సిద్ధంగా ఉంటుంది. నేను ఇంకా నోరు తెరవకముందే. అది పోతుందని భయం. ఇంత చిన్నదాని కోసం ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని తీసేసి ఆరేళ్లు తిరిగానా? తిరిగాను.

పోయిన వారం కూరగాయల మార్కెట్ దగ్గర కాక కనిపించాడు. సైకిల్‌కు తాళం వేసి, రెండడుగులు నడిచి ఆగాడు. వెనక్కి వెళ్లబోతూ నన్ను చూశాడు.

“బిడ్డా, సూసినవా? తాళమేసిన గద నేను?”

“ఏసినవ్ కాక. నేను సూసిన.”

ఆయన ముఖం తేటపడింది. నా మాట మీద అంత నమ్మకం. వెనక్కి తిరిగి చూడకుండా మార్కెట్లోకి వెళ్లిపోయాడు. బండి జారిన రోజు నుంచి ఆయనకు నేను చెప్పిన మొదటి నిజం అది. సైకిల్ తాళం గురించి.

రెండోది ఇక్కడ రాస్తున్నాను. ఆయన దీన్ని చదవడని నాకు తెలుసు, అందుకే రాయగలుగుతున్నానని కూడా తెలుసు. రేపు వెళ్లి చెబుతానని మీకు మాటివ్వను. నా మాటలు ఎలాంటివో చూశారు. ఆ సాయంత్రం మాణయ్య కాక హ్యాండ్ బ్రేకు లాగాడు. నా కళ్లతో చూశాను. దించింది నేను.

రాశాక కాస్త తేలికగానే ఉంది. తేలికపడాల్సిన మనిషి మాత్రం మూడిళ్ల అవతల, వేసిన తాళాన్ని లాగి చూసుకుంటూ ఉంటాడు.