పట్టుచీరలో మెర్లిన్

2022 నవంబరు. కువైట్‌లో ఏసీలు కట్టేసి కిటికీలు తెరుచుకునే కాలం. అబూ హలీఫాలో నాకో స్టూడియో ఉంది. స్టూడియో అనగానే ఏదో ఊహించుకోకండి. కిరాణాకొట్టుకీ మంగలిషాపుకీ మధ్య ఇరుక్కున్న గది, రెండు కెమెరాలు, ఒక కంప్యూటరు, గోడకి ఆకుపచ్చ గుడ్డ. మాది అమలాపురం పక్క. ఇక్కడ మనవాళ్ల పుట్టినరోజులు, బారసాలలు, సత్యనారాయణ వ్రతాలు అన్నీ నేనే తీస్తాను. సత్తిబాబు కెమెరా లేకుండా ఎగైలా దాకా కేకు కోసిన తెలుగువాడు లేడని చెప్పుకుంటూ ఉంటాను. ఇంకెవరూ చెప్పట్లేదు మరి, ఏం చేస్తాం!

ఆ నెల్లో ఒకావిడ నా గదిలోకి వచ్చింది. పొట్టి మనిషి, తెల్లబడుతున్న జుట్టు, భుజాన బరువైన సంచీ. పేరు లిగాయా. ఫిలిప్పీన్స్‌లో పేరున్న డాక్యుమెంటరీ జర్నలిస్టు. పిల్లల్ని ఊళ్లో వదిలి పరాయి పిల్లల్ని పెంచే ఆడవాళ్ల మీద ఫిల్మ్ తీయడానికి వచ్చింది. తన కెమెరామన్‌కి వీసా దొరకలేదట. ఎవరో నా పేరు చెప్పారు. నేను తీసిన ఒక పుట్టినరోజు వీడియో చూపించాను. అందులో పిల్లాడి తల చుట్టూ గులాబీలు తిరుగుతాయి, ఆకాశంలోంచి హంసలు దిగుతాయి. ఆవిడ మొత్తం ఓపిగ్గా చూసి, "చెయ్యి వణకట్లేదు. హంసలు మాత్రం వద్దు" అంది.

ఆవిడ సంగతి కార్లో తిరిగేటప్పుడు కొంచెం కొంచెంగా తెలిసింది. మొదట్లో ఒక చిన్న దీవిలో రేడియోలో తుఫాను హెచ్చరికలు చదివేదట. తర్వాత టీవీకి వెళ్లి, జాలర్ల మీద, చెత్తకుప్పల దగ్గర బతికే పిల్లల మీద ఎన్నో ఫిల్ములు తీసింది. ఒకసారి గ్రహణమొర్రితో పుట్టిన కుర్రాడి మీద తీసిన ఫిల్ముకి పెద్ద బహుమతి వచ్చింది. "బహుమతి మా ఇంటి షోకేసులోకి వచ్చేసింది. వాడి పెదవి ఎలా ఉందో అలాగే ఉంది. నాకు అన్నం సయించలేదు" అంది. వాడికి ఆపరేషన్ చేయించేదాకా ఇంకో ఫిల్ము ముట్టుకోలేదట. అక్కణ్నుంచి అదే పని. తనకొచ్చే డబ్బులో సగం దానికే పోతుంది. డాక్టర్లని పోగుచేసి దీవుల్లో ఆపరేషన్ క్యాంపులు పెట్టిస్తుంది.

కువైట్ రావడానికి ఫిల్ము ఒక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. ఆ నెలాఖరుకి పెట్టబోయే క్యాంపులో అనా అనే ఎనిమిదేళ్ల పిల్ల ఉంది. చిన్నప్పుడు పెదవికి ఆపరేషన్ అయింది కానీ లోపల అంగిలి చీలిక అలాగే మిగిలిపోయింది. మాటంతా ముక్కులోంచి పోతుంది, బళ్లో పిల్లలు వెక్కిరిస్తారు. ఆ పిల్ల మొండికేసింది. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప మత్తు సూది వేయించుకోనంది. వాళ్లమ్మ పేరు మెర్లిన్. మెర్లిన్ కువైట్‌లో ఉంది.

ఉంది కానీ, ఖల్లివల్లి అయిపోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇల్లు వదిలి బయటపడ్డవాళ్లని ఇక్కడ మనవాళ్లు అనే మాట అది. మెర్లిన్ ముబారక్ అల్ కబీర్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో పనిచేసేది. ఇంటావిడని ఇక్కడ మామా అంటారు. ఆ మామా మనవరాలు నూరాని పుట్టినప్పట్నుంచీ ఎత్తుకుని పెంచింది. ఊరికి పంపమని అడిగితే మామా, రంజాన్ పోనీ అంది, బడి పరీక్షలు పోనీ అంది, చలికాలం రానీ అంది. క్యాంపు తేదీ తెలియగానే మెర్లిన్ ఒక శుక్రవారం సెలవని చెప్పి బయటికొచ్చి మళ్లీ వెళ్లలేదు. మామాకి ఒళ్లు మండి, పనిమనిషి పారిపోయిందని కొడుకు చేత కేసు పెట్టించింది. ఆ కేసు వెనక్కి తీసుకుంటే తప్ప మెర్లిన్ మర్యాదగా విమానం ఎక్కే దారి లేదు. క్యాంపు మాత్రం ఎవరికోసమూ ఆగదు.

ఇంతకీ మెర్లిన్ ఎక్కడ దాక్కుందంటారా? మన ఆడవాళ్ల దగ్గరే. అదే ఇంట్లో వంట చేసే రెడ్డెమ్మ, రాయచోటి మనిషి, అబూ హలీఫాలో తన ఊరివాళ్లతో కలిసి తీసుకున్న గదిలో పెట్టింది. శుక్రవారాలు వాళ్లంతా అక్కడే కలుస్తారు. ఈ సంగతి మామాకి తెలిస్తే రెడ్డెమ్మ ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, కూడా గోవిందా. "తెలిస్తే తెలిసె. బిడ్డ కోసరం పోతాండే మనిషిని వీధిలో నిలబెడతామా నాయనా?" అంది నాతో.

శుక్రవారం షూటింగ్ అనుకున్నాం. ముందురోజు రెడ్డెమ్మకి ఫోన్ చేసి, "రేపు వీడియో తీస్తామమ్మా, అందరూ రెడీగా ఉండండి" అన్నాను. ఇరవయ్యేళ్లుగా ఫంక్షన్లకి ముందు చెప్పే మాట అదే కదా.

మర్నాడు వెళ్లి తలుపు కొట్టాం, తీశారు. గదినిండా పట్టుచీరలు! తలల్లో ప్లాస్టిక్ కనకాంబరాలు, మెడల్లో కవరింగ్ హారాలు, గోడకి రంగు కాగితాలు. మధ్యలో కుర్చీ, కుర్చీ మీద ఎర్రంచు ఆకుపచ్చ ధర్మవరం చీర కట్టుకుని, బొట్టూ జడా గాజులతో పెళ్లికూతురిలా మెర్లిన్.

"ఇదేంటి రెడ్డెమ్మా?" అన్నాను.

"వీడియో అంటివి గదా! మాసిన నైటీతో కూర్చోబెడతామా? అదీగాక, మొగం ఎవురూ గుర్తుపట్టకూడదు గదా. సూడు, మా కడప పిల్ల మాదిరే లేదూ?"

లిగాయా మేడమ్ అందర్నీ తేరిపార చూసింది. ఫిలిప్పీన్స్ టీవీలో కష్టాల కథ చెప్పాల్సిన మనిషి ధర్మవరం చీరలో కూర్చుంటే ఏం చూపిస్తుంది పాపం! కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వి, చెప్పులు విడిచి కింద కూర్చుని, వాళ్లు పెట్టిన చిత్రాన్నం తింది. గిన్నెలు కూడా కడిగింది. ఎవరింటికి వెళ్లినా కెమెరా తీసే ముందు ఆ ఇంటి గిన్నెలు కడుగుతుందట. ఆవిడ పద్ధతి అది.

ఇంటర్వ్యూ మాత్రం తుస్సుమంది. చీర కుచ్చిళ్లకి లేపెల్ మైక్ పెట్టాను. అంటే బట్టలకి గుచ్చే చిన్న మైకు. ఏమడిగినా మెర్లిన్ బిగుసుకుపోయి, "బాగున్నాను మేడమ్, అంతా బాగుంది" అనడమే. చీరలో ఊపిరి కూడా సరిగ్గా తీసుకోవట్లేదు. మేడమ్ నిట్టూర్చి, "సత్తీ, ఇంకో రోజు మామూలు బట్టల్లో చేద్దాం. రూమ్ టోన్ తీసుకుని వెళ్దాం" అంది.

రూమ్ టోన్ అంటే గదిలో నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం. ఏ గది చప్పుడు ఆ గదిదే. ఫ్రిజ్ గుర్రు, కిటికీ బయట కార్లు. ఎడిటింగ్‌లో అతుకులు కనబడకుండా అది కావాలి. ఫంక్షన్ వీడియోల్లో పాటలతో అన్నీ కప్పేస్తాం కాబట్టి నేనెప్పుడూ తీయలేదు. "ఎవరూ మాట్లాడకండి, కదలకండి" అన్నాను. రాయలసీమ ఆడవాళ్లు ఒక గదిలో ఉండి నోరు మూసుకోవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. కెమెరా కూడా అలాగే తిరుగుతోంది, ఆపడం మర్చిపోయాను.

అప్పుడు మొదలైంది సన్నగా ఒక రాగం. మెర్లిన్ కళ్లు కిటికీ వైపున్నాయి. ఒళ్లో పోగుపడ్డ పట్టుకొంగు మీద చేత్తో మెల్లగా జోకొడుతోంది. పెదాల మధ్య అరబ్బీ మాటలు. పాడుతున్నట్టు ఆమెకే తెలియదు. ఆపుదామని నేను చెయ్యి చాపితే మేడమ్ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"దినామూ ఈ యాళకే నూరా పండుకుంటాది" అని రెడ్డెమ్మ చెవిలో చెప్పింది. అప్పటికే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

బయటికి వచ్చాక మేడమ్, "ఇంకో రోజు అక్కర్లేదు. ఫిల్ము సంగతి తర్వాత, ముందు ఇది వాళ్ల మామాకి చూపిద్దాం" అంది. ముందు మెర్లిన్ని అడిగింది. మెర్లిన్ చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

రెండ్రోజుల తర్వాత ముబారక్ అల్ కబీర్‌లో మామా ఇంటికి వెళ్లాం. కెమెరా సంచీలోంచి బయటికి తీయొద్దని మేడమ్ ఖరాఖండిగా చెప్పింది. మామా మర్యాదగా కూర్చోబెట్టి గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోయించింది. మెర్లిన్ పేరు ఎత్తగానే ముఖం మారిపోయింది. "నేను తిండి పెట్టలేదా? కూతురిలా చూడలేదా? పిల్లకి ఒక్క మాటయినా చెప్పకుండా పోయింది. కూతురి ఆపరేషన్ అని అందరూ చెప్తారు. ఖలాస్! గహ్వా తాగి వెళ్లండి" అంది. నేను అరబ్బీని ఇంగ్లీషులోకి మార్చి మేడమ్‌కి చెప్పాను.

 మేడమ్ ట్యాబ్ తీసి, వీడియో పెట్టి, మామా ముందు బల్ల మీద ఉంచింది. మామా కళ్లజోడు సర్దుకుంది.

"మినూ హాధీ? ఎవరీ ఇండియా ఆడమనిషి?" అంది. గుర్తుపట్టలేదు! చీరా, బొట్టూ, జడా చూసి ఎవరో అనుకుంది. ఆ ముఖం మెర్లిన్‌దని తెలిస్తే ఆ క్షణమే లేచిపోయేది. తెలియలేదు కాబట్టి కూర్చుంది. కూర్చుంది కాబట్టి పాట విన్నది.

కాసేపటికి ఆవిడ చెయ్యి నోటి మీదికి పోయింది. "ఇది నేను నేర్పిన పాట. మా అమ్మ పాడేది" అంది. అంతలో లోపల్నుంచి నూరా పరిగెత్తుకొచ్చింది. "మెర్లిన్! మెర్లిన్!" అంటూ ట్యాబ్ వెనక్కి తిప్పి చూస్తోంది, ఎక్కడ దాక్కుందోనని. నాకు కళ్లు మసకబారాయి, సిగ్గేముంది చెప్పడానికి.

మామా నూరాని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత అనా ఫోటో అడిగి చూసింది. చూశాక గొంతు గట్టిచేసుకుని, "ఈ చీర ఎవరిది? ఈ గది ఎవరిది? ఎవరు దాచారు?" అంది.

మేడమ్ ట్యాబ్ మూసింది. నేనైతే కప్పులో గహ్వా మడ్డి చూస్తున్నాను. రెడ్డెమ్మ తలుపు దగ్గర ట్రేతో నిలబడి ఉంది. ట్రే కింద పెట్టి ముందుకొచ్చింది. వంటింటి అరబ్బీలో ఆమె అన్నదాన్ని ఆమె యాసలోనే చెబుతాను: "నాదే మామా. గది నాదే, చీరా నాదే. నేనే పెట్టుకోనుండా."

"నా ఇంట్లో అన్నం తిని నాకే ద్రోహం చేస్తావా?"

"నీ అన్నమే తిన్న్యా మామా, లేదనను. మెర్లిన్ పోయినాక నూరా నిద్దర పోకుంటే నువ్వు ఏడిస్తివి, నేను సూసినా. ఆ యమ్మ బిడ్డ కోసరం ఏడిస్తే అదీ నేనే సూసినా. ఇద్దురి ఏడుపూ ఒగటే. నన్ను పంపించాలంటే పంపించు, ఆ యమ్మను మాత్రం బిడ్డ కాడికి పోనీ."

మామా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఫోన్ తీసి కొడుకుని పిలిచింది. కేసు వెనక్కి తీసుకోమంది. అవతల అతనేదో అంటుంటే, "నేను చెప్పాను కదా, యల్లా!" అని కసిరింది. ఫోన్ పెట్టేసి రెడ్డెమ్మ వైపు తిరిగి, "నువ్వెక్కడికి పోతావు? మచ్‌బూస్ ఎవరు వండుతారు, నీ అత్తా?" అంది. ఎవరికీ ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మెర్లిన్ ఆ సాయంత్రమే నూరాని చూడ్డానికి వచ్చింది. మామా గుమ్మం దాకా ఎదురెళ్లింది.

ఎయిర్‌పోర్టుకి మామా కూడా వచ్చింది, ఒక చేత్తో నూరా, ఇంకో చేతిలో ఖర్జూరాల పెట్టె. ధర్మవరం చీర మెర్లిన్ సంచీలో ఉంది. రెడ్డెమ్మే మడతపెట్టి పెట్టింది. ఆపరేషన్ గది తలుపు దాకా అనా అమ్మ చెయ్యి పట్టుకునే నడిచిందని, ఆ చీరే కప్పుకుందని మేడమ్ మెసేజ్ పెట్టింది.

ఫిల్ము పూర్తయ్యాక టీవీకి ఇచ్చే ముందు లిగాయా మేడమ్ మళ్లీ కువైట్ వచ్చింది. అందులో కనబడ్డవాళ్లకే ముందు చూపించాలన్నది ఆవిడ ఇంకో పద్ధతి. అబూ హలీఫా గదిలో గోడకి దుప్పటి కట్టి వేశాం. మెర్లిన్ పాట వచ్చేసరికి మన ఆడవాళ్లు ఈలలు వేశారండీ, ఈలలు! కెమెరా సత్తిబాబు అని నా పేరు తెర మీద పడ్డప్పుడు నేనూ ఒకటి వేసుకున్నాను.

మామా ఇంట్లో జరిగింది మాత్రం ఆ ఫిల్ములో లేదు. "దాన్ని తీసుంటే ఎంత గొప్ప సీను మేడమ్!" అని నేను వాపోతే, "తీసుంటే జరిగేది కాదు సత్తీ" అంది. నా వృత్తిలో అంతకంటే పెద్ద పాఠం ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు తీయాలో నాకు ముందే వచ్చు. ఎప్పుడు సంచీలో పెట్టాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు బారసాలలకి వెళ్లినా, గొడవంతా అయ్యాక కెమెరా ఆపకుండా కాసేపు ఉంటాను. హంసలు కూడా మానేశాను. కొందరు పట్టుబట్టి అడుగుతారు, వాళ్ల ఖర్మ.

ఆపరేషన్ అయ్యాక అనాకి నెలల తరబడి మాటలు నేర్పించారు. ఒక శుక్రవారం మెర్లిన్ వీడియో కాల్ చేసింది. గదిలో అందరం ఫోన్ చుట్టూ మూగాం. అనా ముందుకొచ్చి, ఊపిరి బిగపట్టి, పెదాలు గట్టిగా కలిపి, రెడ్డెమ్మ కళ్లలోకి చూస్తూ అమ్మ నేర్పిన తెలుగు మాట అంది:

"పెద్దమ్మా!"

ముక్కులోంచి కాదు. పెదాల మీంచి, గంటకొట్టినట్టు.

రెడ్డెమ్మ ఫోన్ లాక్కుని గుండెకి ఆనించుకుంది. మళ్లీ ముఖం దగ్గర పెట్టుకుని, "ఇంగొగసారి అనమ్మా, ఇంగొగసారి" అంది.

అనా అంటూనే ఉంది.