దస్తీ వేసిన సీటు

మా నారాయణఖేడ్ బస్టాండులో ప్లాట్‌ఫాం మీద నిలబడి బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు రెండు రకాలు. ఊరికి కొత్తవాళ్ళు ఒక రకం. రెండో రకం మా నాయన ఒక్కడే.

తెలిసినవాళ్ళంతా బయట మలుపు దగ్గర ఉంటారు. లోపలికి తిరగడానికి బస్సు అక్కడ కాస్త నెమ్మదిస్తుంది. దాని పక్కనే పరుగెత్తుతూ కిటికీలోంచి దస్తీ విసరాలి. చేతిరుమాలు ఎక్కడ పడితే ఆ సీటు మనది. ఇది ఎక్కడా రాసి లేదు గానీ, రాసిపెట్టిన చాలా చట్టాల కంటే దీన్నే మా దగ్గర ఎక్కువ పాటిస్తారు. దస్తీ లేనివాళ్ళు సంచీ వేస్తారు, టోపీ వేస్తారు. ఒకసారి ఒకాయన చెప్పు వేశాడు. ఆ సీటు జోలికి ఎవరూ పోలేదు, ఆ తర్వాత ఆయన పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు.

"బస్సు ఈడికే వస్తదని బోర్డు రాసిపెట్టిన్రు గదరా. ఈడికి రాక యాడికి పోతది?" అంటాడు నాయన.

వస్తుంది, నిజమే. అప్పటికి అందులో కాలు పెట్టే జాగా ఉండదు.

నాయన నడుం పాడైంది. సంగారెడ్డి దవాఖానకు నడుం డాక్టరు మంగళవారమే వస్తాడు. వారం విడిచి వారం మేమూ పోతాం. నాయన నడవగలడు, కూర్చోగలడు. నిలబడితేనే ఎడమకాలు మొద్దుబారిపోయి, తనది కానట్టు ఊగుతుంది. పోయినసారి సీటు దొరకలేదు. జోగిపేట వచ్చేసరికి రెండు చేతులతో రాడ్‌కు వేలాడుతున్నాడు. తను ఎవరినీ అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుని ఒక్కటే మాట అన్నాడు.

"ఇంకొక్కసారి వస్త. సీటు దొరకకుంటె ఇగ దవాఖాన బంద్."

మా నాయన బెదిరించే రకం కాదు. బంద్ అంటే బందే. బీడీ అట్లాగే మానేశాడు, మా మేనమామతో మాటలూ అట్లాగే మానేశాడు.

ఇన్నేళ్ళుగా ఆ నడుం అరిగింది ఈ బస్టాండులోనే. ఆయన ఇక్కడ హమాలీగా మూటలు మోసేవాడు. ఇప్పుడున్న బిల్డింగుకు ముందు రేకుల షెడ్డు, షెడ్డుకు ముందు ఏమీ లేదు. "బస్టాండు అంటె అప్పుడు జాగ కాదురా, డ్రైవర్ ఇష్టం. ఆయన యాడ ఆపితె గదే బస్టాండు" అని చెప్తాడు. బస్సు వెనక ఇనుప నిచ్చెన ఉండేది. ఉల్లిగడ్డ బస్తాలు, కందుల సంచులు, కోళ్ళ గంపలు, పెళ్ళి మంచాలు, అన్నీ నాయన నెత్తిమీదుగా టాపు ఎక్కేవి. బీదర్ బస్సొస్తే కన్నడంలో బేరాలు, పట్నం బస్సొస్తే ఉర్దూలో తిట్లు. తర్వాత టాపు మీద సామాను వద్దన్నారు. కొత్త బస్సులు నిచ్చెన లేకుండా వచ్చాయి. బస్టాండు చరిత్ర ఎవరైనా రాస్తే అందులో శంకుస్థాపనలు, రిబ్బన్లు ఉంటాయేమో. మా ఇంట్లో ఆ చరిత్ర రెండే భాగాలు: నిచ్చెన ఉన్న కాలం, నిచ్చెన లేని కాలం. రెండో భాగంలో నాయన పల్లెలకు పోయే ఆటోల్లో మూటలు సర్దాడు, నడుం ఒప్పుకున్నన్నాళ్ళు.

ఆ 'ఇంకొక్కసారి' వచ్చిన మంగళవారం పొద్దున నాయన తలకు చుట్టుకున్న ఎర్ర తువ్వాల అడిగాను. "నా దస్తీ గాలికి ఎగిరిపోతది. గదైతె బరువుంటది, ఇయ్యి."

"నెత్తిమీదిది తీసి సీటు మీద ఏస్తర్రా ఎవరన్న?" అని ప్లాట్‌ఫాం వైపు నడిచాడు.

సరే, నా దస్తీయే విసిరాను. డ్రైవర్ వెనక మూడో కిటికీలో, చక్కగా సీటు మధ్యలో పడింది. నేను చదువులో ఏనాడూ సాధించనిది అది. నాయనను పట్టుకొచ్చి, జనంలోంచి తోసుకుంటూ బస్సెక్కించి చూస్తే, ఆ సీట్లో ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. కాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. ఒళ్ళో రొట్టెల మూట, మూట మీద నీటుగా మడతపెట్టిన నా దస్తీ.

"అవ్వా, అది నా దస్తీ."

"గట్లనా? తీస్కో బిడ్డా. ఎవలదో పడిపోయిందని పట్టుకొని కూసున్న."

"పడిపోలే అవ్వా, ఏసిన. సీటుకు."

"సీటుకు దస్తీ ఎందుకు కొడుకా? దానికేమన్న సీమిడి కారుతున్నదా?"

బస్సంతా నవ్వింది. ఊళ్ళో అందరి మీదా జోకులు వేసి బతికే నేను, దస్తీ తీసుకుని జేబులో కుక్కుకున్నాను. అవ్వది సిర్గాపూర్. పట్నంలో కూలికి పోయిన కొడుకు దగ్గరికి పోతోందట. ఆ కాళ్ళు చూశాక లెమ్మనడానికి నోరు రాలేదు. అయినా "మా నాయనకు నడుం..." అని మొదలుపెట్టాను.

"ఏయ్, ఊకో!" అన్నాడు నాయన. నలుగురిలో తన నడుం గురించి మాట్లాడటం ఆయనకు నిలబడటం కంటే పెద్ద నొప్పి. "నేనేమన్ననో యాదికున్నది గద. దిగుదాం పా."

నాయన బతుకులో తీసుకున్న గట్టి నిర్ణయాల్లో అదొకటి. కాని దిగే దారి లేదు. తలుపు దగ్గర ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. "ముందల్కి జరగుండ్రి, ముందల్కి!" అని కండక్టరమ్మ అరుస్తోంది. ఎక్కేవాళ్ళ తోపుడుకు నాయన, నిర్ణయంతో సహా, డ్రైవర్ పక్కకు చేరాడు.

"ఏంది కాకా, గేర్ మీద పడ్తున్నవ్! బానెట్ మీద కూసో" అన్నాడు డ్రైవర్. "కాలుతది మల్ల, కింద ఏమన్న ఏస్కో."

నాయన ఇంజన్ మీది ఆ రేకు మూతను చూశాడు. నన్ను చూశాడు. నా దగ్గర ఒక జోకు తయారుగా ఉంది, మింగేశాను. ఆయన మెల్లగా తువ్వాల విప్పి, నాలుగు మడతలు వేసి, బానెట్ మీద పరిచి కూర్చున్నాడు. బస్సుల టాపు మీద, నిచ్చెన మీద బతికిన మనిషి, ఇప్పుడు ఇంజన్ మీద. సీటు మాత్రం ఆయన జాతకంలో లేదనుకుంటా.

శంకరంపేట దాటాక వంగి అడిగాను. "కాలుతున్నదా?"

"కాలుతున్నది."

"లేస్తవా మరి?"

"ఎందుకురా? మంచిగున్నది."

దవాఖానలో నడుముకు వేడి కాపడం పెడతారు. బస్సు అదే పని దారి పొడుగునా చేసింది. "నొప్పెట్లుంది?" అని డాక్టరు అడిగితే "ఇయ్యాల జర తక్కువుంది" అన్నాడు నాయన. మందు పనిచేస్తోందని డాక్టరు సంతోషించాడు. పాపం, ఆయనకూ ఏదో ఒక సంతోషం ఉండాలి గదా.

బానెట్ సీటు కింద లెక్కో కాదో తేలలేదు గనక, దవాఖాన బంద్ అయినట్టే అనుకున్నాను. వారం గడిచింది, ఇంకో వారం వచ్చింది. మంగళవారం పొద్దున్నే లేచి చూస్తే చెప్పులు వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

బస్టాండు రాగానే ఎప్పట్లాగే ప్లాట్‌ఫాం వైపు మళ్ళాడు. రెండడుగులు వేసి ఆగాడు. తల మీది తువ్వాల విప్పి నా చేతిలో పెట్టాడు.

"డ్రైవర్ కిటికీలకెల్లి ఏస్తె బానెట్ మీద పడ్తదారా?"

"డ్రైవర్ మొకం మీద పడ్తది."

"జర చూసి ఏయ్" అని, పోయి తన బోర్డు కింద నిలబడ్డాడు.